పిల్లలకు పెద్ద చిత్రకారుల్ని పరిచయం చేయడం ఎలా? ముందు పని, తర్వాతే బొమ్మ

“మా పాపకి అయిదేళ్లు. పేరున్న చిత్రకారుల గురించి చెప్పాలని ఉంది. కానీ ఫోన్లో బొమ్మ చూపిస్తే రెండు క్షణాలు చూసి వెళ్లిపోతోంది. ఏం చేయాలి?” ఈ ప్రశ్న చాలామంది అమ్మానాన్నలు అడుగుతున్నారు, అంగన్‌వాడీ, నర్సరీ టీచర్లు కూడా అడుగుతున్నారు. అందుకే ఇంట్లో చేయగలిగిన పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా పిల్లలకు ఇది సరిపోతుంది.

పాటించాల్సిన నియమం ఒక్కటే. చిత్రకారుడు వేసిన బొమ్మను పిల్లల చేత మళ్లీ వేయించకండి. ఆయన చేతులు చేసిన పనిని పిల్లల చేత చేయించండి, ఆ తర్వాత బొమ్మ చూపించండి. ముందే చూపిస్తే పిల్లలు “అలాగే రావాలా?” అని అడుగుతారు, రాకపోతే మానేస్తారు. పని అయ్యాక చూపిస్తే “నేను చేసినట్టే చేశాడే!” అంటారు. పరిచయం అక్కడ మొదలవుతుంది.

నెలకు ఒక చిత్రకారుడు చాలు. ఇక్కడ ఇద్దరి గురించి వివరంగా, మరో ముగ్గురి గురించి క్లుప్తంగా చెబుతాను.

కావలసినవి

- డ్రాయింగ్ షీట్లు పది, పెద్ద చార్ట్ పేపర్లు రెండు (ఒకటి తెల్లది)
- పోస్టర్ కలర్స్: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, నారింజ, నలుపు
- వెడల్పు బ్రష్ ఒకటి, 8 లేదా 10 నంబరు గుండ్రటి బ్రష్ ఒకటి
- మొన మొద్దుగా ఉన్న పిల్లల కత్తెర
- మాస్కింగ్ టేప్, ఫెవికాల్
- పాత తెల్ల నూలు బట్ట (చిరిగిన పంచె ముక్కయినా సరే)
- పసుపు, సుద్దముక్కలు, ఎర్ర ఇటుక ముక్క, చింతగింజలు గుప్పెడు
- కింద పరచడానికి పాత పేపర్లు, చేతులు తుడుచుకోవడానికి తడిగుడ్డ

నీటి రంగుల బిళ్లలు కొనకండి. చిన్నపిల్లల చేతుల్లో అవి వెలిసిపోయినట్టు వస్తాయి, పిల్లలు నిరుత్సాహపడతారు. పోస్టర్ కలర్ దొరక్కపోతే రెడీమేడ్ రంగు కాగితాలతో మొదలుపెట్టండి.

మొదటిది: హెన్రీ మతీస్, కత్తెరతో బొమ్మ

మతీస్ (1869–1954) ఫ్రాన్సు చిత్రకారుడు. 1941లో పెద్ద ఆపరేషన్ అయ్యాక ఎక్కువ సమయం మంచంలోనో చక్రాల కుర్చీలోనో గడిపాడు. చివరి ఏళ్లలో కుంచె బదులు కత్తెర పట్టాడు. సహాయకులు కాగితాల నిండా రంగు పూసి ఇచ్చేవాళ్లు. ఆయన వాటిని కత్తిరించేవాడు, సహాయకులు ఆయన చెప్పిన చోట గోడకు పిన్నులతో గుచ్చేవాళ్లు. నచ్చకపోతే తీసి ఇంకోచోట గుచ్చేవాళ్లు. మీ పిల్లలు చేయాల్సింది కూడా ఇదే: రంగు పూయడం, కత్తిరించడం, జరపడం.

మొదటి రోజు:

1. ఒక్కో షీటుకు ఒక్కో రంగు. పోస్టర్ కలర్‌ను దోసె పిండి కంటే కాస్త పల్చగా కలపండి. మరీ నీళ్లయితే కాగితం ముడుచుకుపోతుంది.

2. వెడల్పు బ్రష్ ఇచ్చి షీటు మొత్తం పూయమనండి. అక్కడక్కడా తెలుపు మిగిలినా, బ్రష్ గీతలు కనిపించినా దిద్దకండి. మతీస్ కాగితాల మీద కూడా బ్రష్ గీతలు కనిపిస్తాయి. కనీసం అయిదు రంగుల కాగితాలు తయారు కావాలి.

3. నీడలో ఆరనివ్వండి. ఆరిందో లేదో చేతి వెనక భాగంతో తాకి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాక రాత్రికి బరువైన పుస్తకాల కింద పెట్టండి, పొద్దునకి చదునుగా వస్తాయి.

రెండో రోజు:

4. ముందు ఫ్యాన్ ఆపండి. ఇది మర్చిపోతే అరగంట పని అర నిమిషంలో గదంతా ఎగిరిపోతుంది.

5. కత్తెర పట్టుకోవడం చూపించండి. బొటనవేలు పైకి ఉండాలి, మోచేయి ఒంటికి దగ్గరగా ఉండాలి. పిల్లలంతా ఇబ్బంది పడేది మలుపు దగ్గర. వాళ్లు కాగితాన్ని కదలకుండా పట్టుకుని కత్తెరను, దానితో పాటు చేతిని, భుజాన్ని తిప్పుతారు. అప్పుడు కాగితం చిరుగుతుంది. తిరగాల్సింది కాగితం, కత్తెర ఎప్పుడూ ఎదురుగానే ఉండాలి. మొదట్లో కాగితం మీరు పట్టుకుని నెమ్మదిగా తిప్పండి, పిల్లలు కత్తిరిస్తూ పోతారు. నాలుగైదు మలుపులకే చెయ్యి అర్థం చేసుకుంటుంది. మీ పిల్లలది ఎడమచేతి వాటమైతే ఎడమచేతి కత్తెరే కొనండి. మామూలు కత్తెరతో వాళ్లకు కాగితం తెగకుండా నలుగుతుంది, లోపం తమదే అనుకుంటారు.

6. పెన్సిల్ ఇవ్వకండి. ముందు గీసి తర్వాత గీత వెంట కత్తిరిస్తే అది వేరే పని అవుతుంది. ఆకు, చేప, మెట్టు, అల, ఏదో ఒకటి నేరుగా కత్తెరతోనే రావాలి. రాకపోతే వచ్చిన ఆకారమే ఉంచండి.

7. ఆకారం కత్తిరించాక మిగిలిన కాగితాన్ని పారేయకండి. మధ్యలో ఖాళీ ఉన్న ఆ ముక్క కూడా బొమ్మలోకి వస్తుంది. చాలాసార్లు అదే ఎక్కువ బాగుంటుంది.

8. తెల్ల చార్ట్‌ను పిల్లల ఎత్తులో గోడకు అంటించండి. ముక్కల వెనక మాస్కింగ్ టేప్‌ను చుట్టలా పెట్టి అతికించమనండి. పిన్నులు వద్దు. “దీన్ని పైకి పెడితే ఎలా ఉంటుంది?” అని ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకోండి. ఫెవికాల్ ఇప్పుడే ఇవ్వకండి. కనీసం ఒక పూట ముక్కలు టేపు మీదే ఉండాలి, రాత్రి భోజనం తర్వాత మళ్లీ వచ్చి జరుపుకునే వీలు ఉండాలి. నా దృష్టిలో ఈ జరపడమే అన్నిటికన్నా ముఖ్యం.

9. “ఇంక చాలు” అని పిల్లలు అన్నాకే ఫెవికాల్.

ఇప్పుడు మతీస్ చేసిన ‘నత్త’ చూపించండి. 1953లో, తన 83వ ఏట చేశాడు. పెద్ద పెద్ద రంగు ముక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. లండన్‌లోని టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. దాని పేరు మీరు చెప్పకండి, ఎక్కడైనా ఏదైనా కనిపిస్తోందా అని అడగండి. ఎడమవైపు పైన ఒక ముక్క అంచులో చిన్న నత్త ఆకారం ఉంటుంది, వెతకనివ్వండి.

ఇక్కడే ఇంకో పని చేయండి. ఫోన్లో చూసిన బొమ్మకు కొలత తెలియదు. ‘నత్త’ ఒక్కో వైపు దాదాపు 287 సెంటీమీటర్లు, అంటే సుమారు తొమ్మిదిన్నర అడుగులు. డాబా మీదో వాకిట్లోనో సుద్దముక్కతో అంత చదరం గీసి, పిల్లల్ని అందులో పడుకోబెట్టండి. “ఒక తాతగారు కుర్చీలో కూర్చుని ఇంత పెద్దది చేశారు” అని చెప్పండి. ఆయన గురించి నాలుగేళ్ల పిల్లలకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కత్తెర పట్టలేని మూడేళ్ల పిల్లలైతే కాగితాలు చేత్తో చింపనివ్వండి. మిగతా మెట్లన్నీ అవే.

రెండోది: జామినీ రాయ్, వంటింటి రంగులు

జామినీ రాయ్ (1887–1972) బెంగాల్‌లోని బాంకురా జిల్లా బేలియాతోడ్‌లో పుట్టారు. కలకత్తా ఆర్ట్ స్కూల్లో యూరప్ పద్ధతి నేర్చుకుని మనుషుల బొమ్మలు వేస్తూ, తర్వాత అదంతా పక్కనపెట్టి ఊళ్లలోని పటచిత్రాల (బట్ట మీదో కాగితం మీదో వేసే జానపద బొమ్మల) దారి పట్టారు. రంగులు కొద్దే, ఏడింటితో సరిపెట్టుకునేవారు. మట్టి, సుద్ద, నీలిమందు, దీపం మసి లాంటి వాటితో రంగులు తయారుచేసుకుని, చింతగింజల జిగురు కలిపి వాడారు. బట్ట మీద, చాప మీద, చెక్క మీద వేశారు.

మన తెలంగాణ చేర్యాలలో పటాల మీద బొమ్మలు వేసే నకాషీ కళాకారులు కూడా ఖద్దరు బట్టకు చింతగింజల జిగురు, తెల్లమట్టి పూసి పటాలు సిద్ధం చేస్తారు. కాబట్టి ఈ పని మన పిల్లలకు పరాయిది కాదు.

పెద్దవాళ్లు చేయాల్సింది:

1. చింతగింజల్ని వేయించి, దంచి పొట్టు తీయండి. రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బి, బాగా నీళ్లు పోసి సన్నని సెగ మీద కలుపుతూ ఉడికించండి. గరిటెకు పట్టుకునేంత చిక్కబడ్డాక దించి, చల్లారాక బట్టలో వడకట్టండి. వేడి జిగురు చర్మానికి అంటుకుంటే వదలదు, పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానివ్వకండి. మూడేళ్లలోపు పిల్లలుంటే గింజలు కూడా అందకుండా పెట్టండి, నోట్లో వేసుకుంటారు. జిగురు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. పులిసిన వాసన వస్తే పారేయండి.

ఇంత ఓపిక లేదా? వాల్‌పోస్టర్లకు వాడే మైదా జిగురు ఉడికించుకోండి. అదీ కుదరకపోతే ఫెవికాల్‌లో రెట్టింపు నీళ్లు కలపండి. పని జరుగుతుంది, కానీ చింతగింజ వాసన, ఆ జారుడు పిల్లలకు గుర్తుండిపోతాయి. వీలైతే ఒక్కసారైనా అదే చేయండి.

2. సుద్దముక్కల్ని తడిపి నూరండి. పొడిగా నూరితే దుమ్ము ముక్కుల్లోకి పోతుంది. ఆ ముద్దలో సగం జిగురు కలిపి బట్టకు పల్చగా పూయండి. ఆరాక ఇంకోసారి పూయండి. బట్టను కాస్త వంచి చూడండి. పెంకులుగా రాలితే పూత మందమైంది, లేదా జిగురు తక్కువైంది. తడిగుడ్డతో కొంత తుడిచి, జిగురు నీళ్లు ఒకసారి పూస్తే సర్దుకుంటుంది.

పిల్లలతో కలిసి చేయాల్సింది:

3. రంగులు తయారుచేయండి. పసుపులో జిగురు కలిపితే పసుపు రంగు. ఇటుక ముక్కను నీళ్లు చల్లిన బండ మీద అరగదీస్తే మట్టి ఎరుపు, జాజు (ఎర్రమట్టి) దొరికితే ఇంకా మంచిది. సుద్ద తెలుపు. నలుపుకు బొగ్గు నూరి వాడండి, లేదా ఆ ఒక్కటీ పోస్టర్ కలర్ తీసుకోండి. పిల్లలు గంతులేసేది మాత్రం ఇక్కడ: విడిగా ఒక గిన్నెలో పసుపు కలిపి, చిటికెడు వంటసోడా వేయండి. కళ్లముందే ఎర్రగా తిరుగుతుంది. సున్నంతో కూడా ఇదే జరుగుతుంది, పారాణి అలా వచ్చేదే. కానీ సున్నం కళ్లకు, చర్మానికి ప్రమాదం, పిల్లలతో వాడకండి.

కుంకుమ, హోలీ రంగులు వద్దు. వాటిలో ఏం కలిపారో మనకు తెలియదు, పిల్లల చేతులు నోట్లోకి వెళ్తూనే ఉంటాయి. రంగు వేసేటప్పుడు పాత బట్టలు తొడగండి, పసుపు మరక పోదు.

4. పిల్లల్ని నిలబెట్టండి. బట్టను నేల మీదో బల్ల మీదో పరచండి. జామినీ రాయ్ బొమ్మల్లో ప్రాణమంతా గీతలోనే ఉంటుంది. ఆగకుండా సాగే మందమైన గీత అది. కూర్చుని వేళ్లతో గీస్తే ఆ గీత రాదు, భుజం కదలాలి. ముందు బ్రష్ లేకుండా గాల్లో రెండుసార్లు గీయించండి.

5. ఇంట్లోనో వీధిలోనో రోజూ చూసే ఒక ప్రాణి పేరు చెప్పమనండి. పిల్లి, ఆవు, కాకి, ఏదైనా. లోపలి రంగులు ముందు నింపాలి. రంగు ఆరాక చుట్టూ నల్ల గీత. చాలామంది గీత ముందు గీయించి రంగు తర్వాత నింపిస్తారు. అప్పుడు పిల్లలు “బయటికి పోతోంది” అని భయపడుతూ వేస్తారు. రంగు ముందు వేస్తే బయటికి పోయినా గీత కలిపేసుకుంటుంది, టెన్షన్ ఉండదు.

6. కన్ను చివర్లో. పెద్దది, కోలగా, చెంప దాకా సాగేంత. లోపల ఒక్క నల్ల చుక్క.

ఇప్పుడు జామినీ రాయ్ వేసిన పిల్లి బొమ్మలు, తల్లీబిడ్డల బొమ్మలు చూపించండి. ఢిల్లీలోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆయన బొమ్మలు చాలా ఉన్నాయి. “ఈయన రంగులు ఎక్కడ కొన్నారు?” అని అడిగి చూడండి. “కొనలేదు, మనలాగే చేసుకున్నారు” అన్న జవాబు వాళ్ల నోట్లోంచే రావాలి.

ఇంకో ముగ్గురు, క్లుప్తంగా

తోట వైకుంఠం గారు 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టారు. తెలంగాణ పల్లె స్త్రీలు, పెద్ద బొట్లు, నగలు, ముదురు ఎరుపు, నారింజ, పసుపు చీరలు ఆయన బొమ్మల్లో కనిపిస్తాయి. దీనికి పని: అమ్మమ్మనో నాయనమ్మనో ఎదురుగా కూర్చోబెట్టి అయిదు నిమిషాలు చూడమనండి. బొట్టు ఎంత ఉంది, ముక్కుపుడక ఏ వైపు, చీర అంచు ఏ రంగు. తర్వాత మొహం కాగితం నిండా వచ్చేలా వేయమనండి. రంగులు కలపకూడదు, డబ్బాలో ఎలా ఉన్నవి అలాగే. బొట్టు వేలితో పెట్టాలి. మన దగ్గరి మనుషులు కూడా గ్యాలరీ గోడల మీద ఉంటారని పిల్లలకు తెలియడం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. అందుకే విదేశీ చిత్రకారుడితో మొదలుపెట్టినా, రెండు నెలలు తిరక్కుండానే మన వాళ్ల దగ్గరికి రండి.

వాన్ గో (1853–1890): పోస్టర్ కలర్‌లో సమానంగా ఫెవికాల్ కలిపితే చిక్కబడుతుంది. అట్ట మీద మందంగా పూసి, తడిగా ఉండగానే పాత దువ్వెనతో వంపులుగా గీయించండి. ఒక రోజంతా ఆరాలి. తర్వాత కళ్లు మూసుకుని వేలితో తడమమనండి, ఆ తర్వాత 1889 నాటి నక్షత్రాల రాత్రి బొమ్మ చూపించండి. ఆయన తన చెవి కోసుకున్న కథ ఈ వయసుకి వద్దు. అది చెబితే ఇంకేమీ గుర్తుండదు.

జార్జ్ సెరా (1859–1891): ఇయర్‌బడ్స్‌తో (చెవులు తుడిచే దూది పుల్లలతో) చుక్కలు, పసుపు పక్కన నీలం, ఎరుపు పక్కన పసుపు. దూరంగా వెళ్లి చూడాలి. కాగితం అరచేయంతే ఇవ్వండి, పెద్దదైతే విసుగొస్తుంది. షికాగో దగ్గర ఉన్న తెలుగు కుటుంబాలు 1884–86లో ఆయన వేసిన, నది ఒడ్డున ఆదివారం గడిపే జనాల పెద్ద బొమ్మను అక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చూపించవచ్చు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పెద్దల చెయ్యి బొమ్మ మీద పడటం అన్నిటికన్నా పెద్ద తప్పు. “ఉండు, నేను కొంచెం సరిచేస్తా” అనగానే ఆ బొమ్మ మీదైపోయింది. చెయ్యి ఆగకపోతే పక్కన మీకూ ఒక కాగితం పెట్టుకోండి, దాని మీద చూపించండి.

ప్రింటవుట్ తీసి రంగులు నింపించడం రెండోది. చూడ్డానికి చక్కగా ఉంటుంది, స్కూల్ గోడకు బాగుంటుంది, కానీ పిల్లలు చిత్రకారుడి గురించి తెలుసుకునేది ఏమీ ఉండదు.

“ఇదేంటి?” అని అడగడం ఇంకొకటి. అది ఏదో ఒకటి కావాల్సిందే అన్న ఒత్తిడి పిల్లల మీద పడుతుంది. “ఇది ఎలా చేశావు కన్నా?” అని అడగండి, చెబుతూనే ఉంటారు.

పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టించి చుట్టాల ముందు అప్పజెప్పించకండి. పైన ఏళ్లు రాసింది మీ కోసం, పిల్లల కోసం కాదు.

అరగంట దాటించకండి. నాలుగేళ్ల పిల్లలు పదిహేను నిమిషాలు కూర్చుంటే అదే చాలు, మిగతాది రేపు.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

మర్నాడు “నిన్న ఏం చేశాం?” అని మాత్రం అడగండి. “రంగు పూసి, కత్తిరించి, గోడకు అంటించి జరిపాం” లాంటి జవాబు వస్తే బాగా జరిగినట్టే. పేరు గుర్తులేకపోయినా పర్వాలేదు.

ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి చేస్తే, పనులన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వేటికవి వేరుగా ఉండాలి. అన్నీ ఒకేలా ఉంటే మీరు ఎక్కువ చెప్పేశారు. మరోసారి నమూనా చూపించకుండా చేయించండి.

వారం తర్వాత ఫోన్లో నాలుగు బొమ్మలు చూపించండి. వాటిలో ఒకటి మతీస్ కాగితం బొమ్మ, కానీ ఇంతకుముందు చూపనిది. “వీటిలో కత్తెరతో చేసింది ఏది?” అని అడగండి. చూపించగలిగితే ఇంకో చిత్రకారుడికి వెళ్లొచ్చు. లేకపోతే బోధించబోకండి, అదే పని ఇంకో రంగులతో మరోసారి చేయించండి.

అసలు బొమ్మలు చూడటానికి వీలుంటే తీసుకెళ్లండి. హైదరాబాద్ మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ చిత్రాలున్నాయి. రాజమండ్రిలో చిన్న వయసులోనే 1925లో చనిపోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరిట గ్యాలరీ ఉంది. వెళ్లినప్పుడు అన్నీ చూపించాలని చూడకండి. మూడు బొమ్మల ముందు ఆగండి, ప్రతి దాని ముందూ “ఇది ఎలా చేసి ఉంటారు?” అన్న ఒక్క ప్రశ్నే వేయండి.

ఇక దాచడం. ప్రతి దాని వెనక పిల్లల పేరు, తేదీ రాయండి. పసుపుతో వేసిన బొమ్మను ఎండ తగిలే గోడకు పెట్టకండి, కొద్ది రోజుల్లోనే రంగు వెలిసిపోతుంది. సుద్ద పూసిన బట్టను మడత పెట్టకండి, మడత దగ్గర పగులుతుంది. పాత అట్ట గొట్టానికి బొమ్మ పైకి కనిపించేలా చుట్టి, మీద ఒక పేపర్ కప్పండి. చింతగింజల పూతకు పురుగులొచ్చే అవకాశం ఉంది కాబట్టి లోపల నాలుగు వేపాకులు వేయండి, వర్షాకాలంలో ఒకసారి తీసి నీడలో ఆరబెట్టండి.